తెలుగునాట స్థిరాస్తి పరిభాష: క్రయవిక్రయాలు, తనఖాలు, అద్దెలు, కౌళ్లు

భూమి, ఇల్లు, ఫ్లాటు, దుకాణం వంటి కదలని ఆస్తులను అమ్మేటప్పుడు, కొనేటప్పుడు, తాకట్టు పెట్టేటప్పుడు, అద్దెకో కౌలుకో ఇచ్చేటప్పుడు వాడే మాటలన్నీ కలిపి స్థిరాస్తి పరిభాష. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ మాటలు ఒకచోట పుట్టినవి కావు. కోస్తా, రాయలసీమల్లో మద్రాసు ప్రెసిడెన్సీ నాటి రైతువారీ లెక్కల మాటలు నిలిచాయి. తెలంగాణలో నిజాం కాలపు రెవెన్యూ మాటలు నేటికీ వాడుకలో ఉన్నాయి. రెంటి మీదా 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 1899 నాటి స్టాంపు చట్టం, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం తమ మాటల్ని పరిచాయి. ఆ తర్వాత బిల్డర్లు, ఏజెంట్లు తెచ్చిన మాటలు చేరాయి. అందుకే ఒకే లావాదేవీకి కరీంనగర్‌లో ఒక పేరు, కాకినాడలో ఇంకో పేరు, దస్తావేజు లేఖరి రాసే కాగితంలో మూడో పేరు వినిపిస్తాయి.

హక్కు, స్వాధీనం, రికార్డు

ఏ ఆస్తి విషయంలోనైనా మూడు సంగతులు వేర్వేరుగా తేల్చుకోవాలి. ఆస్తి మీద హక్కు ఎవరిది, ఆస్తి ఎవరి స్వాధీనంలో ఉంది, ప్రభుత్వ రికార్డులో ఎవరి పేరు ఉంది. ఈ మూడూ ఒకరి దగ్గరే ఉంటే పేచీ లేదు. పల్లెల్లో తరచూ కనిపించేది వేరు: పాసు పుస్తకం అన్న పేరున ఉంటుంది, పొలం తమ్ముడు దున్నుతుంటాడు, తండ్రి రాసిన వీలునామా చెల్లెలి పేరున ఉంటుంది. ముగ్గురూ పొలం తమదే అంటారు, ముగ్గురి చేతిలోనూ ఏదో ఒక ఆధారం ఉంటుంది.

మన దేశంలో సబ్ రిజిస్ట్రార్ దస్తావేజును నమోదు చేస్తారే గాని, అమ్మేవారికి అమ్మే హక్కు ఉందని ప్రభుత్వం తరఫున పూచీ ఇవ్వరు. 'రిజిస్ట్రేషన్ అయిపోయింది, ఇక భయం లేదు' అన్న మాట ఎంత వాడుకలో ఉందో అంత తప్పు. హక్కు లేనివాడు రాసిచ్చిన దస్తావేజు రిజిస్టరయినా కొన్నవాడికి హక్కు రాదు. అలాగే మ్యుటేషన్, అంటే రెవెన్యూ రికార్డులో పేరు మార్పు, శిస్తు వసూలు కోసం చేసేదని, దానివల్ల హక్కు పుట్టదని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. ప్రభుత్వమే హక్కుకు పూచీ పడే పద్ధతి కోసం ఆంధ్రప్రదేశ్ భూహక్కుల చట్టం ఒకటి తెచ్చింది. దానిమీద పెద్ద వివాదం రేగి, 2024లో రద్దయింది. కాబట్టి హక్కును పరిశీలించుకునే బరువు ఇప్పటికీ కొనేవారి మీదే ఉంది. కింద వచ్చే మాటల్లో ఏది హక్కును మారుస్తుందో, ఏది స్వాధీనాన్ని మాత్రమే ఇస్తుందో, ఏది రికార్డుకే పరిమితమో గమనిస్తే సగం చిక్కు విడిపోతుంది.

రికార్డుల మాటలు

ఆంధ్రలో గ్రామ భూముల తొలి ఆధారంగా చూసేది రీసెటిల్‌మెంట్ రిజిస్టరు. వాడుకలో ఆర్‌ఎస్‌ఆర్ అనీ, కొన్నిచోట్ల డైగ్లాట్ అనీ అంటారు. తెలంగాణలో ఆ స్థానం సేత్వార్‌ది. ఆ తర్వాత 1954–55 నాటి ఖాస్రా పహాణీని హక్కుల రికార్డుకు పునాదిగా చూస్తారు. ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేశారో ఏటా రాసేది ఆంధ్రలో అడంగల్, తెలంగాణలో పహాణీ. పట్టాదారు ఖాతాలో ఉన్న భూములన్నిటినీ చూపేది 1-బి. సర్వే నంబరు ఆకారాన్ని, కొలతల్ని చూపే పటం ఎఫ్‌ఎంబీ. తెలంగాణలో దీనికి టిప్పన్ అనే పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. పట్టాదారు పాసు పుస్తకం 1971 నాటి చట్టంతో వచ్చింది. తెలంగాణ 2020 అక్టోబరులో ధరణి పోర్టల్ తెచ్చి, సాగు భూముల రిజిస్ట్రేషన్‌ను తహసీల్దార్లకు అప్పగించింది. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో సాగు భూములకు కూడా సబ్ రిజిస్ట్రారు కార్యాలయమే. అక్కడ రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబరు బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు కనిపిస్తుంది. అలాంటి ఊళ్లలో పాత దస్తావేజుకు, కొత్త రికార్డుకు పొంతన కుదిరిందో లేదో చూసుకోకుండా అడ్వాన్సు ఇవ్వకూడదు.

కొలతలు, హద్దులు

ఎకరం అంటే ఎక్కడైనా 4,840 చదరపు గజాలే. దాన్ని పంచుకునే తీరు వేరు. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. ఆంధ్రలో ఎకరానికి 100 సెంట్లు, సెంటుకు 48.4 గజాలు. దస్తావేజులో విస్తీర్ణం '2-20' అని ఉందనుకోండి. తెలంగాణలో అది రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. కోస్తాలో, సీమలో రెండెకరాల ఇరవై సెంట్లు, అంటే 2.2 ఎకరాలు. తేడా 1,452 గజాలు. రెండు వందల గజాల ఇళ్ల స్థలాలు ఏడు వేయగలిగినంత భూమి అది. నల్గొండ, ఖమ్మం సరిహద్దు ఊళ్లలో రెండు వైపుల వాళ్లూ కొనుగోళ్లు చేస్తుంటారు కాబట్టి, అగ్రిమెంటులో గుంటలో సెంట్లో అక్షరాలా రాయించుకోవాలి. నెల్లూరు వైపు ఇళ్ల స్థలాల్ని అంకణాల్లో చెబుతారు. అక్కడ అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి ప్రాంతంలో 36. గజం అంటే ఇక్కడ చదరపు గజమే, తొమ్మిది చదరపు అడుగులు.

దస్తావేజులో అన్నిటికన్నా శ్రద్ధగా చదవాల్సిన భాగం చివర వచ్చే షెడ్యూలు. జనం అన్నిటికన్నా తక్కువగా చదివేదీ అదే. అందులో సాధారణంగా ఇలా ఉంటుంది: 'సర్వే నంబరు 214/3లో య. 1-80 సెంట్లకు గాను య. 0-50 సెంట్లు. తూర్పు: పంట కాలువ. దక్షిణం: గ్రామ పుంత. పడమర: మీరు లోగడ కొన్న భూమి. ఉత్తరం: అమ్మకందార్ల మిగులు భూమి.' ఈ నాలుగు దిక్కుల వివరమే చతుస్సీమలు, వాడుకలో హద్దులు. 'లకు గాను' అన్న మాట ఉంటే పెద్ద కమతంలోంచి ముక్క కోసి అమ్ముతున్నారని అర్థం. ఆ ముక్కకు సబ్ డివిజన్ అయిందా, స్కెచ్ ఉందా అని అడగాలి. 'మిగులు భూమి' హద్దుగా ఉన్న వైపు రాళ్లు పాతకపోతే రేపు గట్టు జరుగుతుంది. విస్తీర్ణానికీ హద్దులకూ పొసగనప్పుడు కోర్టులు సాధారణంగా హద్దులకే ఎక్కువ విలువ ఇస్తాయి. పుంత, డొంక, బండ్ల బాట హద్దుగా ఉంటే దారికి దిగులు లేదు. ఇతరుల పొలంలోంచి నడుస్తున్న దారైతే అది అనుభవ సౌకర్య హక్కు కిందికి వస్తుంది. బహిరంగంగా, అడ్డు లేకుండా, హక్కుగా ఇరవై ఏళ్లు వాడుకుంటే అది స్థిరపడుతుందని 1882 నాటి అనుభవ సౌకర్య హక్కుల చట్టం చెబుతోంది.

అమ్మకూడని భూములు

పట్టా భూమి అంటే సొంత హక్కున్న భూమి. పోరంబోకు, శిఖం, బంచరాయి ప్రభుత్వానివో, చెరువువో, ఊరుమ్మడివో. గ్రామకంఠం ఊరి నివాస స్థలం. దీనికి విడి సర్వే నంబర్లు లేక కొన్నవాళ్లు చాలా ఇబ్బంది పడ్డారు. భూమి లేని పేదలకు ప్రభుత్వం ఇచ్చినది అసైన్డ్ భూమి లేదా డి-పట్టా. దాన్ని ఇతరులకు బదిలీ చేయడాన్ని 1977 నాటి చట్టం నిషేధించింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో వినిపించే '1/70' అంటే 1970 నాటి ఒకటో రెగ్యులేషన్. దాని ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోవడం చెల్లదు. ఇలాంటివాటితోపాటు దేవాదాయ, వక్ఫ్, సీలింగ్ మిగులు భూములు చేర్చిన పట్టికనే రిజిస్ట్రేషన్ చట్టంలోని సెక్షన్ పేరుతో 22-ఎ జాబితా అంటారు. సర్వే నంబరు అందులో ఉంటే రిజిస్ట్రేషన్ ఆగుతుంది. సాదా బైనామా అంటే తెల్ల కాగితం మీద రాసుకున్న కొనుగోలు. తెలంగాణలో వేల కుటుంబాలు తరాలుగా ఈ కాగితాల మీదే భూమి దున్నుకుంటున్నాయి. వాళ్లకు స్వాధీనం ఉంది, హక్కు రాలేదు.

బయానా నుంచి రిజిస్ట్రేషన్ దాకా

బేరం కుదిరిందనడానికి గుర్తుగా ఇచ్చే సొమ్ము తెలంగాణలో బయానా, కోస్తాలో బజానా, పాత పుస్తకాల్లో ధరావతు. మాట తప్పితే ఈ సొమ్ము తిరిగి రావాలా, మునిగిపోవాలా అన్నది రసీదులో రాసుకోవాలి. నోటిమాటగా వదిలేసిన బయానాలే మధ్యవర్తుల అరుగుల మీద పంచాయతీలవుతాయి. స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు గాని అంతకు మించి గాని నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తోంది. అంతే మొత్తం జరిమానా తీసుకున్నవారి మీద పడుతుంది.

తర్వాతి మెట్టు క్రయ అగ్రిమెంటు. ధర, ఇచ్చిన అడ్వాన్సు, మిగతా సొమ్ము చెల్లించే గడువు ఇందులో ఉంటాయి. అగ్రిమెంటు దానంతట అదే ఆస్తి మీద ఏ హక్కునూ సృష్టించదని ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ సూటిగా చెప్పింది. అది అమ్ముతామన్న మాట మాత్రమే. అమ్మేవారు మొండికేస్తే మాట నిలబెట్టుకొమ్మని కోర్టును కోరడం నిర్దిష్ట పాలన దావా. గడువు తేదీ నుంచి, గడువు రాయకపోతే నిరాకరణ తెలిసిన నాటి నుంచి మూడేళ్లలోపు అది వేయాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో రిజిస్ట్రేషన్ చట్టాన్ని సవరించి క్రయ అగ్రిమెంటును కూడా తప్పనిసరి రిజిస్ట్రేషన్ కిందికి తెచ్చింది. అయినా ఎక్కువమంది వంద రూపాయల స్టాంపు కాగితంతో సరిపెట్టుకుంటున్నారు. అడ్వాన్సుతోపాటు ఇంటి తాళాలు, పొలం చేతికి ఇస్తే అది స్వాధీన అగ్రిమెంటు. ఇక్కడ స్టాంపు సుంకం మామూలు అగ్రిమెంటు కన్నా చాలా ఎక్కువ పడుతుంది.

హక్కును మార్చేది చివరి మెట్టయిన విక్రయ దస్తావేజు, వాడుకలో సేల్ డీడ్. వంద రూపాయలు, ఆపైన విలువ ఉన్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు దస్తావేజుతోనే జరగాలి. రాసిన నాటి నుంచి నాలుగు నెలల్లో రిజిస్ట్రేషన్‌కు పెట్టాలి. దస్తావేజు భాషకు ఒక ఒరవడి ఉంది. 'ప్రతిఫలం సొమ్ము యావత్తూ ముట్టినది' అంటే ఇక బాకీ లేదని అర్థం. చెక్కు ఇంకా మారకుండా ఈ వాక్యం కింద అమ్మేవారు సంతకం చేయడం తొందరపాటు. 'ఈ దినమే స్వాధీనపరచడమైనది' అన్నది స్వాధీనం గురించి. 'ఎట్టి తగాదాలు వచ్చినా మా సొంత ఖర్చులతో పరిష్కరించగలవారము' అన్నది పూచీ. ఈ మూడు వాక్యాలూ ఉన్నాయో లేదో కొనేవారు స్వయంగా చదువుకోవాలి, చదువు రానివాళ్లు గట్టిగా చదివించుకోవాలి.

సుంకాల దగ్గర వినిపించే 'మార్కెట్ విలువ' బజారు ధర కాదు. ప్రభుత్వం ప్రాంతాలవారీగా నిర్ణయించిన కనీస విలువ. దస్తావేజులో రాసిన ధర, ఈ విలువ, రెంటిలో ఏది ఎక్కువైతే దానిమీద స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కడతారు. తెలంగాణలో 2021 జులై పెంపుతో ఇవి 5.5, 1.5, 0.5 శాతాలు. ఆంధ్రప్రదేశ్‌లో 5, 1.5, 1 శాతాలు. రెండు చోట్లా మొత్తం 7.5 శాతమే. గ్రామీణ సాగు భూమి మినహా, ధర 50 లక్షలు గాని అంతకు మించి గాని ఉంటే కొనేవారు అమ్మేవారికిచ్చే సొమ్ములోంచి 1 శాతం టీడీఎస్ పట్టి ప్రభుత్వానికి కట్టాలి. అమ్మేవారు విదేశాల్లో స్థిరపడినవారైతే రేటు, పద్ధతి వేరు. ఈ టీడీఎస్ సంగతి మరిచి నోటీసులందుకునేవాళ్లు ఎందరో.

లింకు డాక్యుమెంట్లు అంటే ఆస్తి ఇప్పటి యజమానికి చేరేదాకా చేతులు మారిన వరస కాగితాలు. ఈసీ, అంటే ఋణభార ధ్రువపత్రం, ఒక కాలవ్యవధిలో ఆ ఆస్తిపై రిజిస్టరయిన లావాదేవీల పట్టిక. 1983 నుంచి వివరాలు కంప్యూటరులో దొరుకుతాయి. అంతకు ముందువి పుస్తకాల్లో వెతికించాలి. ఈసీలో ఏమీ లేకపోతే 'నిల్ ఈసీ' అని సంబరపడతారు. కానీ సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో వీలునామాలు 3వ పుస్తకంలో, జీపీఏలు (అధికార పత్రాలు) 4వ పుస్తకంలో నమోదవుతాయి. ఈసీ తీసేది 1వ పుస్తకం నుంచి కాబట్టి అవి ఇందులో కనబడవు. రిజిస్టరు కాని అగ్రిమెంట్లు, కోర్టులో నడుస్తున్న దావాలు కూడా చాలావరకు ఇందులో కనబడవు. దావా నడుస్తుండగా కొన్న ఆస్తికి ఆ దావా తీర్పు కట్టుబడి ఉంటుంది, కొన్నవారికి సంగతి తెలియకపోయినా సరే. అందుకే నిల్ ఈసీతో ఆగక, ఊళ్లోకి వెళ్లి గట్టు పక్క రైతుల్ని అడగడం పెద్దలు పెట్టిన మంచి అలవాటు.

కుటుంబంలో చేతులు మారే కాగితాలు

స్వార్జితం సొంత సంపాదనతో కొన్నది, పిత్రార్జితం పెద్దల నుంచి ఉమ్మడిగా వచ్చినది. ఉమ్మడి ఆస్తిని వాటాదారులు పంచుకుని రాసుకునేది భాగపరిష్కార పత్రం. పాతవాళ్లు పారీఖత్తు అంటారు. దానపత్రం రిజిస్టరు కావాలి, ఇద్దరు సాక్షులుండాలి, దాత బతికుండగానే గ్రహీత స్వీకరించాలి. చూసుకుంటారన్న షరతుతో పిల్లలకు రాసిచ్చి ఆదరణకు నోచుకోని వృద్ధులు, ఆ పత్రాన్ని రద్దు చేయమని 2007 నాటి వయోవృద్ధుల చట్టం కింద ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. షరతు పత్రంలోనే రాసి ఉంటే వాళ్ల పని చాలా సులువవుతుంది. వీలునామాకు స్టాంపు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షులు మాత్రం కావాలి. రాసినవారి మరణం తర్వాతే అమల్లోకి వస్తుంది, ఈలోగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. పేరులోనో సర్వే నంబరులోనో తప్పు దొర్లితే సరిదిద్దేది సవరణ దస్తావేజు.

హక్కు విడుదల పత్రం అంటే వాటాదారు తన వాటాను మరో వాటాదారుకు వదులుకోవడం. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమాన వాటాను ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచి ఇచ్చింది, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు. దేశమంతటా కూతుళ్లందరికీ 2005లో వచ్చింది. చట్టం వచ్చి ఇన్నేళ్లయినా, తండ్రి పోయాక 'చిన్న సంతకం, వచ్చి పెట్టి వెళ్లమ్మా' అని అన్నదమ్ములు పిలిస్తే, ఏ కాగితమో చదవకుండానే సంతకం చేసి పసుపు కుంకుమల చీరతో వెళ్లే ఆడపడుచులు ఇంకా ఉన్నారు. ఇష్టపూర్తిగా వదులుకోవడం వాళ్ల హక్కు. అయితే వదులుకుంటున్నది ఎంతో తెలిసి వదులుకోవాలి. ఆ కాగితం రిజిస్టరయ్యాక వెనక్కి తీసుకోవడం బహు కష్టం.

జీపీఏ, తనఖా

జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే జీపీఏ, తన తరఫున పనులు చేయడానికి మరొకరికిచ్చే అధికారం. సుంకం తప్పించుకోవడానికో, నిషేధిత భూమిని చేతులు మార్చడానికో జీపీఏనే అమ్మకంగా చూపే వాడుక దేశమంతటా పాకింది. సూరజ్ ల్యాంప్ కేసులో 2011 అక్టోబరులో సుప్రీంకోర్టు అలాంటివి హక్కును బదిలీ చేయవని తేల్చింది. ఇచ్చినవారు చనిపోతే మామూలు జీపీఏ అక్కడితో ముగుస్తుంది. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న తెలుగువారు ఊళ్లోని ఆస్తి అమ్మడానికి తల్లిదండ్రులకు జీపీఏ పంపుతుంటారు. దాన్ని అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించుకుని, ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు సుంకం కట్టించాలి. ప్రవాస భారతీయులు ఇళ్లు, ఇళ్ల స్థలాలు కొనవచ్చు. సాగు భూమి, ఫామ్‌హౌస్, తోటలు కొనకూడదు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు.

తనఖాల్లో పలు రకాలున్నాయి. మామూలు తనఖాలో ఆస్తి అప్పు తీసుకున్నవారి దగ్గరే ఉంటుంది. స్వాధీన తనఖాలో అప్పిచ్చినవారు ఆస్తిని అనుభవిస్తారు. దీన్నే భోగ్యం అంటారు. ఒరిజినల్ దస్తావేజులు బ్యాంకులో పెట్టి తెచ్చేది టైటిల్ డీడ్ల డిపాజిట్ తనఖా. ఇంటి అప్పులన్నీ దాదాపు ఇవే. ఒరిజినల్స్ పోయాయంటూ జిరాక్సులు చూపే అమ్మకందారు దగ్గర జాగ్రత్త పడటం ఇందుకే. అప్పు తీర్చితే తిరిగి రాసిస్తామన్న షరతుతో అమ్మడం షరతు క్రయం. ఆ షరతు అదే దస్తావేజులో ఉంటేనే చట్టం దాన్ని తనఖాగా చూస్తుంది. అవసరానికి అప్పిస్తూ, హామీగా అంటూ నేరుగా విక్రయ దస్తావేజు రాయించుకునే వడ్డీ వ్యాపారులు చాలా మండల కేంద్రాల చుట్టూ ఉన్నారు. తిరిగి రాస్తామన్నది నోటిమాట. కాగితం చెప్పేది అమ్మేశారని. మూడు లక్షల అప్పుకు ముప్పై లక్షల ఇల్లు పోవడం ఇలాగే జరుగుతుంది. దీన్ని మించిన అన్యాయం స్థిరాస్తి వ్యవహారాల్లో మరొకటి లేదు. అప్పు కావాలంటే తనఖా దస్తావేజే రాయాలి, విక్రయం రాయకూడదు.

వెంచర్లు, అపార్ట్‌మెంట్లు

తెలుగునాట వెంచరు అంటే ఇళ్ల స్థలాలుగా కోసిన లేఅవుటు. హైదరాబాద్ చుట్టూ హెచ్‌ఎండీఏ, అమరావతి ప్రాంతంలో సీఆర్‌డీఏ, విశాఖ వైపు వీఎంఆర్‌డీఏ, మిగతాచోట్ల డీటీసీపీ అనుమతిచ్చే సంస్థలు. ఎల్‌పీ (లేఅవుటు అనుమతి) నంబరు వచ్చినంత మాత్రాన పని పూర్తికాదు. తొలి అనుమతి వేళ కొన్ని ప్లాట్లను ఆ సంస్థకే తనఖా పెట్టించుకుంటారు. రోడ్లు, కాలువలు పూర్తయి తుది లేఅవుటు వచ్చాకే వాటిని విడుదల చేస్తారు. మనం కొంటున్న ప్లాటు ఆ తనఖాలో ఉందేమో పటంలో చూడాలి. అనుమతి లేని ప్లాట్లను రుసుముతో క్రమబద్ధం చేసే పథకం ఎల్‌ఆర్‌ఎస్. సాగు భూమిని ఇంటి స్థలంగా మార్పించుకోవడాన్ని నాలా అంటారు.

అపార్ట్‌మెంటులో కొనేవారికి దక్కేవి రెండు: ఫ్లాటు, దాని కింది భూమిలో విభజించని వాటా. ఈ రెండోదే యూడీఎస్. కట్టడం పాతబడిపోతుంది, భూమి మిగులుతుంది. 1,500 చదరపు అడుగుల ఫ్లాట్లు రెండు ఒకే ధరకు దొరికితే, ఒకదానికి 60 గజాల వాటా, రెండోదానికి 25 గజాల వాటా ఉంటే మొదటిదే మేలు. ప్రకటనల్లో కనిపించే విస్తీర్ణం సూపర్ బిల్టప్: మెట్లు, లిఫ్టు, నడవాల్లో వాటా కూడా కలిపినది. గోడలు, బాల్కనీ కలిపి ఫ్లాటు వరకే లెక్కిస్తే బిల్టప్ లేదా ప్లింత్. మన కాలు మోపే జాగా కార్పెట్ ఏరియా. బయటి గోడలు, బాల్కనీ, విడి టెర్రస్ వదిలి, లోపలి గోడలు కలిపి లెక్కించమని 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) దీన్ని నిర్వచించింది. అమ్మకాలు ఈ లెక్కన జరగాలన్నదే చట్టం ఉద్దేశం. ఇక్కడి బ్రోచర్లు ఇంకా సూపర్ బిల్టప్ మాటే పెద్దక్షరాల్లో వేస్తున్నాయి.

స్థలం 500 చదరపు మీటర్లకు మించినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించినా రెరాలో నమోదు కావాలి. రిజిస్టరు అగ్రిమెంటు లేకుండా బిల్డరు ధరలో పదో వంతుకు మించి తీసుకోకూడదు. వసూలైన సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉంచాలి. స్వాధీనం ఇచ్చాక అయిదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే ఉచితంగా బాగుచేయాలి. ప్రీలాంచ్ అంటే అనుమతులు, రెరా నంబరు రాకముందే సగం ధరకిస్తామంటూ మొత్తం డబ్బు ముందే తీసుకోవడం. చట్టం ఒప్పుకోని పని అది. హైదరాబాద్‌లో దీనివల్ల మధ్యతరగతి కుటుంబాలు జీవితకాలపు పొదుపు పోగొట్టుకున్నాయి. రెరాలో నమోదు కావాల్సిన ప్రాజెక్టుకు ఆ నంబరు రాకముందు ఒక్క రూపాయి కూడా కట్టకూడదు. ఓసీ, అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అనుమతించిన ప్లాను ప్రకారమే కట్టారని, కాపురం ఉండవచ్చని నగరపాలక సంస్థ ఇచ్చేది. స్థల యజమాని భూమినిచ్చి, బిల్డరు కట్టి, ఫ్లాట్లు పంచుకునేది డెవలప్‌మెంట్ అగ్రిమెంటు. ఎవరి వాటాలో ఫ్లాటు కొంటున్నామో వాళ్లే అమ్మాలి. కార్పస్ ఫండ్ ఒకసారి కట్టే నిధి, మెయింటెనెన్స్ నెలనెలా కట్టేది.

ఇళ్ల అద్దెలు

అద్దె, కిరాయి, బాడుగ ప్రాంతాన్ని బట్టి వినిపించే మాటలు. టూలెట్ బోర్డుల భాష చిన్నదే గాని అందులో చాలా ఇమిడి ఉంటుంది. పోర్షన్ అంటే యజమాని ఇంట్లోనే ఒక భాగం. హైదరాబాద్‌లో పెంట్‌హౌస్ అంటే ఎక్కువసార్లు మేడ మీద అనుమతి లేకుండా వేసిన గదులు. ఎండాకాలం అందులో కాపురం కష్టం. 'మంజీరా నీళ్లు' అంటే నగర జలమండలి సరఫరా ఉందని, ఒక్క బోరే దిక్కు కాదని చెప్పడం. 'సెపరేట్ మీటర్' అన్నది తప్పక అడగాలి. సబ్ మీటరైతే ఇల్లంతటి వాడకం ఒకే బిల్లులో కలిసి పైశ్లాబుకు చేరుతుంది, అద్దెకున్నవారు తమ యూనిట్లకు కూడా ఆ పెద్ద రేటే కడతారు. అడ్వాన్సు ఇక్కడ రెండు మూడు నెలల అద్దె. కేంద్రం 2021లో తెచ్చిన మాదిరి అద్దె చట్టం ఇళ్లకు రెండు నెలలు, దుకాణాలకు ఆరు నెలలు మించరాదంది. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అది వర్తిస్తుంది. ఖాళీ చేసేటప్పుడు సున్నాలు, రంగుల పేరిట ఒక నెల అద్దె పట్టుకోవడం వాడుకే తప్ప చట్టం కాదు. ఒప్పందంలో రాయని కోతకు ఒప్పుకోనక్కర్లేదు.

అద్దె ఒప్పందం 11 నెలలకే ఎందుకు రాస్తారు? ఏడాది మించిన లీజు రిజిస్టరు చేయాలని కేంద్ర చట్టం అంటుంది కాబట్టి. కానీ తెలుగు రాష్ట్రాల్లో 1999 సవరణ ఆ ఏడాది హద్దును తీసేసింది. ఇక్కడ లీజు ఎన్నాళ్లదైనా రిజిస్ట్రేషన్ కావాలి. 11 నెలల కాగితాన్ని నమ్ముకున్నవాళ్లు కోర్టులో షరతుల దగ్గర చిక్కుకుంటున్నది ఇందువల్లే. నెలవారీ అద్దెను ముగించడానికి పదిహేను రోజుల నోటీసు చాలని ఆస్తి బదిలీ చట్టం అంటుంది, ఒప్పందంలో వేరే గడువు రాసుకుంటే అదే చెల్లుతుంది. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉన్నా, 2005 సవరణతో నగరపాలక సంస్థల్లో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలకు అది వర్తించడం లేదు. ఆంధ్రప్రదేశ్ 2017లో కొత్త చట్టం చేసుకుంది. రాయలసీమ సరిహద్దు పట్టణాల్లో, బెంగళూరు తెలుగువారిలో 'లీజుకు తీసుకున్నాం' అంటే వేరు. మొత్తంగా కొన్ని లక్షలు ముందే ఇచ్చి, అద్దె లేకుండా ఉండి, గడువు తీరాక ఆ సొమ్ము వెనక్కి తీసుకోవడం. ఇది భోగ్యం లాంటిది. యజమాని ఆ ఇంటిని అప్పటికే బ్యాంకుకు తాకట్టు పెట్టి ఉంటే ఇచ్చిన లక్షలకు దిక్కుండదు, ఈసీ చూడకుండా అలా ఇవ్వరాదు. దుకాణాల లీజుల్లో వచ్చే లాక్-ఇన్ అంటే ఆ గడువులోపు ఖాళీ చేయకూడదనే షరతు, సబ్ లీజు అంటే అద్దెకు తీసుకున్నవారు మరొకరికి ఇవ్వడం.

కౌలు

పొలాన్ని సాగుకు ఇవ్వడం కౌలు. ఏడాదికి ఇన్ని బస్తాలో ఇంత సొమ్మో ముందే తేల్చుకుంటే మక్తా, సీమలో గుత్త. పంటను పంచుకుంటే పాలు, కోరు, సంగోరు. తెలంగాణ ప్రాంతపు 1950 నాటి చట్టం రక్షిత కౌలుదార్లను గుర్తించింది. దానిలోని 38-ఇ సెక్షన్ కింద ధ్రువపత్రాలు పొంది వాళ్లు యజమానులయ్యారు. పాత భూములు కొనేటప్పుడు ఈ ధ్రువపత్రాల సంగతి ఇప్పటికీ తేల్చుకోవాలి. కౌలుదార్లు యజమానులైన ఆ జ్ఞాపకమే నేటి కౌలుదారుకు శాపమైంది. రాసిస్తే భూమి పోతుందేమోనన్న భయంతో యజమానులు నోటిమాట మీదే ఇస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2011 నాటి సాగుదారుల చట్టం రుణ అర్హత కార్డులిచ్చింది. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం 11 నెలల సీసీఆర్‌సీ కార్డు తెచ్చింది. అది పంట మీద హక్కునే ఇస్తుంది, భూమి మీద ఏ హక్కూ ఇవ్వదు. అయినా యజమాని సంతకం కావాలి కాబట్టి చాలామందికి కార్డు అందడం లేదు. కార్డు లేని రైతుకు బ్యాంకు అప్పు, పంట నష్టపరిహారం చేతికి రావడం కష్టం. భూమి గలవారు ఈ కార్డు మీద సంతకం చేయడానికి జంకనక్కర్లేదు.

సంతకానికి ముందు చూసుకోదలచినవారికి దారి మూసి లేదు. రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం 1వ పుస్తకాన్ని రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు, దస్తావేజు సర్టిఫైడ్ కాపీ అడగవచ్చు. ఆ ఆస్తితో సంబంధం ఉండాలన్న నియమం లేదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా, మండల న్యాయ సేవా సంస్థల్లో ఉచితంగా న్యాయవాది సలహా దొరుకుతుంది.